గాయకునకు సొంత గడప



ఈ దినమున నేను ప్రసంగింపదలచిన విషయము మీకు కొంత వింతగా తోచవచ్చును. వానలు, ఎరువులు, పశువైద్యము, పంచాయతీ లెక్కలు - ఇవి పల్లెకు పనికివచ్చు ముచ్చటలు. పాటగాడు తనకై తానొక వెబ్‌సైటు పెట్టుకొనుట ఏల యను ప్రశ్న పట్టణములవారిది గాని మనది కాదని మీరనవచ్చును. కాని యోచించి చూడుడు. హరికథకుడు, ఒగ్గుకథ చెప్పువాడు, సన్నాయి ఊదువాడు, చెక్కభజన గురువు, యక్షగాన మేళమువారు - వీరిలో పెక్కురు పుట్టినది పల్లెలోనే. శ్రీరామనవమి పందిటిలో వారిని కూర్చుండబెట్టి సంభావన యిచ్చువారు మీరే. ఇంటిలో మనుమడు పాట నేర్చి, “తాతా, నా పేర వెబ్‌సైటు పెట్టుకొందును, ఏటేట కొంత సొమ్ము కావలయును” అని యడిగినపుడు ఔననవలసినవారును కాదనవలసినవారును మీరే. కావున దీని మంచిచెడ్డలు మీకు తెలిసియుండుట అవసరము.

“ఫోనులో పాటలు ఊరక వచ్చుచున్నవి. యూట్యూబువంటి సంస్థలు ఊరక చోటిచ్చుచున్నవి. అట్లుండగా సొమ్ము పెట్టి వేరొక చోటు కట్టుకొనుట ఎందుకు?” అని పెద్దలు నన్నడుగుచుందురు. ఇది మంచి ప్రశ్న. నా సమాధానము క్లుప్తముగా నిది: తిరునాళ్లలో పాడి పేరు తెచ్చుకొనవచ్చును, కాని ఆ పేరు విని వెదకికొని వచ్చువానికి తట్టుటకొక తలుపుండవలయును. ఆ తలుపే సొంత వెబ్‌సైటు.

మొదట వెబ్‌సైటనగా నేమో చెప్పెదను. అందు మూడు భాగములు గలవు. ఒకటి పేరు, అనగా చిరునామా. దానిని ఏటేట కొంత రుసుము చెల్లించి మన పేర నమోదు చేయించుకొనవలయును. రెండవది చోటు. రేయింబవళ్లు పనిచేయుచుండు ఒక కంప్యూటరులో మన పాటలు, పటములు, వ్రాతలు ఉంచుటకు కొంత స్థలమును అద్దెకు తీసికొందుము. మూడవది ఆ చోట మనముంచు సరకు. ఆంగ్లేయుడగు టిమ్ బెర్నర్స్‌లీ అను శాస్త్రజ్ఞుడు జెనీవాకడనున్న సెర్న్ పరిశోధనాలయమున ఈ ఏర్పాటును కల్పించెను. ఆ పరిశోధనాలయమువారు 1993 ఏప్రిలు 30వ తేదీన దీనిని ఎవ్వరైనను ఉచితముగా వాడుకొనవచ్చునని లోకమునకు ధారపోసిరి. కావున ఈ బాట ఏ యొక్కరి సొత్తును గాదు. దాని ప్రక్కన పెద్ద సంస్థ మేడ కట్టవచ్చును. మన ఊరి పాటగాడు పూరిల్లు వేసికొనవచ్చును. చిరునామా తెలిసినచో రెంటికిని దారి యొక్కటియే.

పాటకు పేరును, చోటును ఉండవలెనను తలంపు మనవారికి క్రొత్త కాదు. త్యాగరాజస్వామి 1767లో జన్మించి 1847లో సిద్ధిపొందిరి. తమిళదేశమున తిరువయ్యారులో నివసించుచు తెలుగున కృతులు రచించిరి. ప్రతి కృతి చివరను తమ పేరు ముద్రగా నుంచిరి. వాలాజాపేట, ఉమయాళ్‌పురము, తిల్లైస్థానము శిష్యులు ఆ కృతులను పాడి, వ్రాసి, కాపాడిరి. ముద్ర ఉండుటచే పాట ఎవరిదో తెలిసినది. శిష్యుల యిండ్లలో నిలుచుటచే పాట మనవరకు వచ్చినది.

తాళ్లపాక అన్నమాచార్యుల సంగతి యింకను స్పష్టమైనది. ఆయన సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమునందే సంకీర్తన భాండారమను ఒక అరలో భద్రపరచిరి. నాలుగు శతాబ్దములు గడచిన పిదప, ఇరువదవ శతాబ్దమున, అవి వెలికివచ్చి వేలకొలది పాటలు మనకు దక్కినవి. రేకులపై రాగముల పేర్లున్నవి. కాని స్వరములు వ్రాసియుండకపోవుటచే పూర్వపు వరుసలు చాలవరకు తెలియకుండ పోయినవి. చోటు చేసికొని భద్రపరచినది మిగిలినది. భద్రపరచనిది గాలిలో కలసినది. నేటి గాయకునకు ఆ రేకులును ఆ స్వరములును రెండును దాచుకొను వీలు కలిగినది. ఆ వీలును పరులచేతిలో పెట్టి ఊరకుండవలెనా యనునదియే ప్రశ్న.

గ్రామఫోను వచ్చినపుడు పాట మొదటిసారి గాయకుని విడిచి దూరము పోయినది. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ అను ప్రసిద్ధ గాయని రికార్డులకు పాడెను. ఆ రికార్డుల చివర ఆమె తన పేరు తానే ఆంగ్లమున చెప్పుకొనుట వినబడును. రికార్డులు జర్మనీలో అచ్చగుచుండుటచే, అచటి పనివారు పాట ఎవరిదో గుర్తించుటకు అట్లు చెప్పించెడివారు. అది మొదలు శతాబ్దమునకు దగ్గరగా పాటను అచ్చొత్తు యంత్రములును, అమ్ము అంగళ్లును సంస్థలచేతిలోనే యుండెను. సంస్థ పిలువని గాయకుని గొంతు ఊరి పొలిమేర దాటుట దుర్లభమయ్యెను. ఇపుడు ఎనిమిది వేల రూపాయల ఫోనుతో పాట పట్టవచ్చును. కావున ఏ సంస్థకును కట్టుబడక తానే పాడి, తానే పట్టి, తానే పంచు గాయకులు ఊరూర బయలుదేరినారు. వీరినే స్వతంత్రగాయకులందురు.

వీరు పాటను పంచు చోట్లు యూట్యూబు, ఇన్‌స్టాగ్రాము, స్పాటిఫై మొదలైనవి. వీనిని నేను నిందింపను. ఇవి పెద్ద తిరునాళ్లు. ఎన్నడు నెరుగని జనము అచట తిరుగుచుందురు. నాలుగు పాటలు పాడినచో నలుగురు నిలిచి విందురు. ఐనను తిరునాళ్లకు కొన్ని ధర్మములు గలవు. పందిరి మనది కాదు; కొలతలు మనవి కావు; వచ్చినవారి పేర్లు మనకు తెలియవు. ఈ మూటివలన కలుగు నష్టములను వరుసగా చెప్పెదను.

మొదటి నష్టము, పందిరి పడిపోవుట. మైస్పేసు అను అమెరికా సంస్థ 2003లో బయలుదేరి కొన్నియేండ్లలో లోకమందలి గాయకుల కందరకు కూడలి యయ్యెను. 2019 మార్చి నెలలో, తాము కంప్యూటర్లు మార్చుకొను సందర్భమున పూర్వము తమయొద్ద ఉంచిన పాటలు పోయినవని ఆ సంస్థవారు ఒప్పుకొనిరి. 2015 వరకు పన్నెండేండ్లపాటు చేరిన సంగీతమది. పోయిన పాటలు 5 కోట్లకు పైబడి యుండునని పత్రికలు వ్రాసినవి. ఇంటర్నెట్ ఆర్కైవు అను గ్రంథాలయమువారు వేరొక మార్గమున సుమారు 4 లక్షల 90 వేల పాటలను సంపాదించి కాపాడిరి, అనగా నూటికొకటి. వేరు ప్రతి దాచుకొనని గాయకులకు తమ పాటలు తిరిగి లభింపలేదు.

మన దేశపు సంగతియు చెప్పవలయును. 2020 జూన్ 29వ తేదీన భారతప్రభుత్వము 59 ఫోను అప్లికేషన్లను నిషేధించినపుడు అందు టిక్‌టాకు ఒకటి. ఆ నిర్ణయము తగునా తగదా యనునది నేటి విషయము కాదు. పల్లెలలో దానిపైననే ఆధారపడి పాడుచుండినవారికి, లక్షలకొలది శ్రోతలున్నవారికిగూడ, రెండుమూడు దినములలో సభ ఖాళీ యయ్యెను. వేరొక గడప ముందుగనే యున్నవారు శ్రోతలను అచటికి పిలుచుకొనిరి; లేనివారు మొదటినుండి ప్రారంభించిరి.

రెండవ నష్టము కొలతలలో నున్నది. స్పాటిఫైవంటి సంస్థలు సొమ్ము పంచు తీరు మన కళ్లములోని పద్ధతితో పోల్చి చెప్పవచ్చును. చందాలవలనను ప్రకటనలవలనను వచ్చిన సొమ్మంతయు కుప్పవోసి, సంస్థ తన పాలు తీసికొని, మిగిలినదానిని పాటలు వినబడిన సంఖ్యనుబట్టి హక్కుదారులకు పంచును. కోట్లకొలది వినబడు సినిమా పాటలకును మన హరికథకుని పాటకును కొలత యొక్కటియే. అంతేకాక 2024 నుండి, గడచిన పన్నెండు నెలలలో కనీసము 1000 సార్లు వినబడని పాటకు స్పాటిఫైవారు ఏమియు ఇచ్చుట లేదు. యూట్యూబున ప్రకటనల రాబడిలో పాలు కావలెనన్నను 1000 మంది చందాదారులును, ఏడాదిలో 4000 గంటల వీక్షణమును ఉండవలెనని నియమము గలదు. చిన్న వీడియోలకు వేరొక లెక్క గలదు.

ఒక లెక్క వేసి చూతము. ఒక గాయకుని పాటను ఏడాదిలో 200 మంది రసికులు నాలుగేసి సార్లు వినిరనుకొందము. మొత్తము 800 సార్లు. వేయి కాలేదు గనుక స్పాటిఫైలో ఆ పాటకు రాబడి సున్న. ఆ 200 మందియే ఆతని వెబ్‌సైటునకు వచ్చి, పాటల కట్టకు తలకు 100 రూపాయలు చెల్లించినచో 20,000 రూపాయలు. రసికులు వారే, ప్రేమయు నదియే. నడిచిన దారి మాత్రము మారినది. 2016లో యూపీఐ వచ్చినది మొదలు, టీకొట్టు ముందర అతికించు చదరపు గుర్తును గాయకుడు తన వెబ్‌సైటుపై నుంచినచో, వినువాడు పది రూపాయలైనను నేరుగా ఆతని ఖాతాలో వేయవచ్చును. చిన్నమొత్తములకు మధ్యవర్తి అక్కరలేకపోవుట చిన్నగాయకునకు చాల మేలు.

మూడవ నష్టము అన్నిటికంటె పెద్దది. అది శ్రోతల చిరునామా లేకపోవుట. తిరునాళ్లలో నిలిచి విన్నవాడు ఏ యూరివాడో పందిరి యజమానికి తెలియును గాని గాయకునకు తెలియదు. గాయకుడు క్రొత్త పాట పెట్టినపుడు ఎవరికి చూపవలెనో, ఎవరికి చూపకూడదో యజమాని యంత్రమే తేల్చును. నేనెరిగిన హరికథావిద్వాంసుడొకడు గలడు. అట్టి యొక చోట ఆయనకు వేలకొలది అభిమానులుండిరి. ఒకనాటి ఉదయమున ఎవడో దొంగ ఆయన రహస్యపదమును కాజేయుటచే ఆయన తన పుటలోనికి తాను పోలేకపోయెను. ఎన్ని విజ్ఞాపనలు పంపినను తలుపు తెరువబడలేదు. అంతమందిలో ఒక్కరి ఫోను సంఖ్యయైనను ఆయనయొద్ద లేదు. రాబోవు నెలలో కథలు చెప్పవలసిన ఊళ్లకు మనుష్యుల నంపి కబురు చేయవలసివచ్చెను. వెబ్‌సైటున ఒక చిన్న పట్టిక పెట్టి, “కబురు కావలసినవారు తమ చిరునామా వ్రాయుడు” అని కోరియున్నచో ఆ పట్టిక ఆయన సొంత ఆస్తియై యుండెడిది.

హక్కుల తగవు మరియొకటి. పెద్దసంస్థలు పాటలను యంత్రముచే పోల్చి, ఇది ఫలానివారిదని తీర్పు చెప్పించును. 2018లో జేమ్స్ రోడ్స్ అను ఆంగ్ల పియానో విద్వాంసుడు తానే వాయించిన బాఖ్ సంగీతమును ఫేసుబుక్కున పెట్టగా, అందు 47 క్షణములు తమవని ఒక రికార్డుల సంస్థ పేర అభ్యంతరము వచ్చి ఆ భాగము మూయబడెను. బాఖ్ 1750లోనే గతించిన సంగీతకర్త. రోడ్స్ పదిమందిలో మొరపెట్టిన పిదప ఆ అభ్యంతరము తొలగినది. త్యాగరాజకృతిని పాడువాడు, పూర్వము ఇతరులు రికార్డు చేసినదానినే పాడవలసివచ్చును గదా! అట్టివానికి ఇట్టి చిక్కు రాదని చెప్పలేము. సొంత వెబ్‌సైటున్నంత మాత్రమున చట్టము మారదు. కాని ఒకచోట మూతపడిన పాట వేరొకచోట వినబడుచుండును, “ఇది నేను పాడినది” అని తేదీతో చెప్పుకొను వీలును ఉండును.

కీర్తి యుండినను జీవనము గడవని స్థితి మన నడుమనే కలదు. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెర వాయించువారు. 2021లో ఒక సినిమా పాటలో ఆయన గొంతు విని తెలుగుదేశమంతయు తలయూచినది. 2022లో పద్మశ్రీ లభించినది. 2024లో ఆయన కట్టడపు పనికి కూలికి పోవుచున్నట్లు పత్రికలు వ్రాసినవి. ఒక వెబ్‌సైటున్నచో ఈ కష్టమంతయు తీరెడిదని నేననను, అట్లనుట అవివేకము. కాని పాట వినుటకును, పాడినవానికి అన్నము దొరకుటకును నడుమ నొక వంతెన కావలయును. విని మెచ్చినవాడు మరునాడే ఆ కళాకారుని తన ఊరికి పిలుచుకొనుటకో, నాలుగు రూపాయలు పంపుటకో దారి తెలియకున్నచో ఆ మెప్పు ఇంటికి చేరదు.

సొంత గడపనుండి పాటలు పంచి మెప్పుపొందినవారు గలరు. రేడియోహెడ్ అను ఆంగ్ల బృందమువారు 2007 అక్టోబరు 10వ తేదీన తమ క్రొత్త పాటల సంపుటిని తమ వెబ్‌సైటుననే యుంచి, “మీకు తోచిన వెల యిచ్చి తీసికొనుడు” అనిరి. వారు అప్పటికే లోకప్రసిద్ధులు గనుక అది వారికి చెల్లినదని యనవచ్చును. మన దేశమందే ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ బృందమువారు 2010లో ఒక సంపుటిని నెలకొక పాట చొప్పున వెబ్‌సైటునుండి ఉచితముగా నిచ్చిరి. పాట ఉచితముగా విన్నవారు కచేరీలకు వత్తురని వారి నమ్మకము. ఆ సంపుటికి వారు పెట్టిన పేరు, తాము సాధన చేయుచుండిన యింటి చిరునామాయే. గాయకునకు గడప ఎంత ముఖ్యమో ఆ పేరే చెప్పుచున్నది.

ఇక మన పల్లె గాయకుని వెబ్‌సైటున ఏమి యుండవలెను? ఆడంబరము వలదు. పేరు, ఊరు, గురువుల పేర్లు. స్పష్టమైన రెండు ఛాయాచిత్రములు. మంచివగు అయిదారు పాటలు, వాని సాహిత్యమును, కర్తల పేర్లును. రాబోవు కార్యక్రమముల తేదీలు. పిలుచుటకు ఫోను సంఖ్య. సొమ్ము పంపుటకు గుర్తు. ఇంతియే. ఉత్తర అమెరికా తెలుగు సంఘమువారు, అనగా తానావారు, రెండేండ్లకొకసారి మహాసభలు జరుపుదురు. ప్రక్క జిల్లాలో దేవస్థానమువారు ఉత్సవము చేయుదురు. ఎవరు కార్యక్రమము నిర్ణయించినను, కరపత్రముననుంచుటకు పటమును, మాటలాడుటకు సంఖ్యయు వెదకుదురు. ఒకే పేరుగల గాయకులు పదిమంది యుండవచ్చును. సొంత వెబ్‌సైటు గలవాడు ఫలానావాడని నిస్సందేహముగా తేలును. ఇదంతయు తెలుగుననే వ్రాయవచ్చును. చివర “భారత్” అని తెలుగక్షరములతోనే ముగియు చిరునామాలుగూడ లభించుచున్నవి.

నాలుగు హెచ్చరికలు చేసెదను. మొదటిది, చిరునామా గాయకుని పేరనే, ఆతని ఫోను సంఖ్యతోనే నమోదు కావలయును. కట్టియిచ్చిన కుర్రవాని పేరనుంచినచో, ఇల్లు కట్టిన మేస్త్రి పేర పట్టా వ్రాసినట్లగును. చోటును ఎపుడైనను మార్చుకొనవచ్చును. చిరునామా మనదైనంతవరకు వచ్చువారికి తలుపు తప్పదు. రెండవది, ఏటేట రుసుము కట్టుట మరువరాదు. గడువు మీరి వదలివేసిన చిరునామాను అన్యులు తీసికొనవచ్చును. సాధారణముగా చిరునామాకు ఏటికి కొన్ని వందల రూపాయలు చాలును. చోటుకు వేరుగా కొంత కావచ్చును. మూడవది, పాటల ప్రతులు ఇంటిలో వేరొక పెట్టెలో నుండవలయును. వెబ్‌సైటును యంత్రమే గదా! నాలుగవది, గడప కట్టినంత మాత్రమున జనము రారు. కావున తిరునాళ్లకు పోవుట మానరాదు. యూట్యూబున పాడుచు, ప్రతి పాట క్రిందను, “నా యిల్లు ఇచట” అని చిరునామా వ్రాయుచుండవలయును.

పెద్దలారా! మీరు చేయదగిన సహాయము చిన్నది. ఈ ఏడు నవమికి వచ్చిన కళాకారునకు శాలువా కప్పునపుడు, “నీకొక వెబ్‌సైటు కలదా?” అని యడుగుడు. లేదన్నచో, ఊరిలో చదువుకొన్న కుర్రవాని నొకని ఆయనకు జతచేసి, మొదటి ఏటి రుసుమును సంభావనతో కలిపి యిండు. ముసలి విద్వాంసులు పాడుచున్నపుడే వారి పాటలను పట్టించి, వారి పేరనే భద్రపరపించుడు. అన్నమయ్య వరుసలు మనకు దక్కలేదని వగచుచున్నాము. మన యూరి ఒగ్గుకథకుని వరుసయు అట్లు పోయినదని మన మనుమలు వగవకుండునట్లు చేయుట మన చేతిలోని పని. సెలవు.